దూరపు చూపు – దగ్గరి చేయి

నేలకొండపల్లి యనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చువాడు భక్త రామదాసు. 17వ శతాబ్దమున కంచెర్ల గోపన్న ఈ యూరనే జన్మించెను. పాల్వంచ పరగణాకు తహసీలుదారై, భద్రాచలమున రామాలయము కట్టించి, ఆ కారణముననే గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనన్న కథ మన పాఠశాలలలోని పసిపిల్లలకును తెలియును. ఊరి చెంత పురాతనమైన బౌద్ధ స్తూపమున్నది. పాండవులు అజ్ఞాతవాసము చేసిన విరాటనగరము ఇదియేనని స్థానికులు చెప్పుకొందురు. ఈ యూరి నుండి భద్రాద్రికి యాత్రికుల దారి యున్నది. ఒకనాడు గోలకొండకు ఖైదీ నడచిన దారియు ఉన్నది.

నేడు ఇచ్చటి నుండి సాగు మరియొక దారిని గూర్చి ముచ్చటింపదలచితిని. అది దవాఖానా దారి. నేలకొండపల్లి నుండి ఖమ్మము సుమారు 20 కిలోమీటర్లు. ఖమ్మము నుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. తూర్పుగా పోయిన భద్రాచలము ఖమ్మమునకు సుమారు 120 కిలోమీటర్లు; ఆపైన అడవి, అడవిలో గూడెములు. ఆరోగ్యవంతునికి ఈ దూరములు పెద్ద లెక్కలోనివి కావు. ఉదయము బస్సెక్కి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. చక్రాల కుర్చీ మీదనే జీవితము గడుపువాని సంగతి వేరు.

అతడు బయలుదేరుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. బస్సు మెట్ల మీదుగా అతనిని బస్తావలె ఎత్తి లోపల కూర్చుండబెట్టవలెను. కుర్చీని మడచి ఎచ్చటనో ఇరికించవలెను. అది కుదరనిచో ఆటో మాట్లాడుకొనవలెను. తోడు వచ్చు అన్నయో, భార్యయో ఆనాటి కూలి పోగొట్టుకొనవలెను. దారిలో మూత్రవిసర్జనకు అనువైన చోటు ఉండదని తెలిసి, ముందునాటి రాత్రి నుండియే నీళ్ళు మానివేయువారు కలరు. మూత్రపిండములకు ఇంతకు మించిన అపకారము లేదు. గట్టి సీటు మీద గంటలకొలది కుదుపులు తిని, దవాఖానా వరండాలో మరికొన్ని గంటలు వేచియుండి, వైద్యుని యెదుట ఐదు నిమిషములు గడపి తిరిగి వచ్చునప్పటికి క్రొత్త పుండొకటి మొలచియుండుట అరుదు కాదు. అడవిలోపలి గూడెములలోనైతే రోగిని డోలీ కట్టి మోసికొని వచ్చు దృశ్యములను నేటికిని పత్రికలలో చూచుచునే యున్నాము.

రోగిని వైద్యుని యొద్దకు మోయుటకు మారుగా, వైద్యుని చూపును రోగి యింటికి తెచ్చుట సాధ్యము కాదా? సాధ్యమే. ఆ ప్రయత్నము మన దేశమున ఆరంభమై పాతికేండ్లు దాటినది. అది ఎంతవరకు పనికివచ్చును, ఎచ్చట ఆగిపోవును అన్నదే ఈ వ్యాసమున విచారింపవలసిన విషయము.

కలలో చేయి, మెలకువలో చూపు

1925లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అను పత్రికా సంపాదకుడు తన పత్రికలో ఒక వింత యంత్రమును ఊహించి బొమ్మతో సహా ప్రకటించెను. వైద్యుడు తన గదిలో కూర్చుండి ఒక తెర మీద రోగిని చూచును. అంతటితో తృప్తిపడక, తన చేతికడనున్న మీటలను కదలించును. దూరమున రోగి ప్రక్కనున్న యంత్రపు చేతులు అట్లే కదలి రోగి శరీరమును తాకును. ఆ స్పర్శ తిరిగి వైద్యుని చేతికి తెలియును. ఆ యంత్రమునకు ఆయన పెట్టిన పేరునకు 'దూరపు వ్రేలు' అని యర్థము. వైద్యునికి చూపు ఒక్కటియే చాలదని ఆ కల్పనాకారుడు గ్రహించెను.

కలలోని తెర మనకు దొరకినది. యంత్రపు వ్రేలు మాత్రము నేటికిని పల్లెకు రాలేదు.

తెర తెలుగునాటికి వచ్చిన కథ మన ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగినది. చిత్తూరు జిల్లాలో అరగొండ అను గ్రామము కలదు. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకులైన ప్రతాప్ సి. రెడ్డి గారి స్వగ్రామమది. ఆ యూరి ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా పట్టణపు వైద్యులతో కలుపు ఏర్పాటును 2000 మార్చి 24న, అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ తన భారత పర్యటనలో ప్రారంభించెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలయ్యెను. తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 104 అను సంఖ్యకు టెలిఫోను చేసి వైద్యసలహా పొందు వసతి ఏర్పడెను. కరోనా మహమ్మారి వచ్చిన 2020లో, మార్చి 25న, దూరవైద్యమునకు దేశమంతటికిని నియమావళి వెలువడెను. 2019లో ఆరంభమైన 'ఈ-సంజీవని' అను ప్రభుత్వ వ్యవస్థ 2020 ఏప్రిల్ నుండి ఇంటనున్న రోగికి సైతము వైద్యుని తెర మీద చూపుట మొదలిడెను.

ఈ-సంజీవనిలో రెండు పద్ధతులు కలవు. ఒకదానిలో రోగి తన ఫోనులోనే వైద్యునితో మాటలాడును. రెండవదానిలో పల్లెలోని ఆరోగ్యకేంద్రమున ఒక ఆరోగ్యాధికారి రోగి ప్రక్కన కూర్చుండును; దూరమునుండి వైద్యుడు మాటలాడును. తెలంగాణలో ఇట్టి కేంద్రములను పల్లె దవాఖానాలందురు. ఈ రెండవ పద్ధతిని మనస్సులో ఉంచుకొనుడు. చక్రాల కుర్చీవారికి సంబంధించినంతవరకు కీలకమంతయు అందులోనే ఉన్నది.

కదలిక అనెడి కాపలా

ఒక గీత కార్మికుని తలచుకొందము. ఇతడు కల్పితుడే యైనను, తాటివనములున్న ప్రాంతములలో ఇట్టి కథ క్రొత్తది కాదు. తెల్లవారుజామున మోకు జారి తాడిచెట్టు మీదినుండి పడెను. వెన్నుపూస విరిగి, దానిలోపలి వెన్నుపాము నలిగెను. నడుము క్రింది భాగమునకు కదలికయు లేదు, స్పర్శయు లేదు. వయస్సు ముప్పది. ఇట్టి ప్రమాదములను తగ్గించుటకే 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము 'కాటమయ్య రక్ష' పేర చెట్టెక్కువారికి రక్షణ సామగ్రి నిచ్చుట ఆరంభించినది. ఇక పడినవాని సంగతి యేమి?

అతనికి కావలసిన మొదటి వస్తువు మందు కాదు; కాపలా. కారణము వినుడు. మనము గట్టి బల్ల మీద గంటసేపు కూర్చున్నచో ఎన్నిమార్లు కదలుదుమో లెక్కింపుడు. తరగతిలో కదలక కూర్చుండుమని ఉపాధ్యాయుడు గద్దించును. పిల్లలు కదలుచునే యుందురు. అది అల్లరి కాదు. పిరుదుల క్రింద రెండు ఎముకల కొనలున్నవి. కూర్చున్నవాని బరువులో పెద్దభాగము వాని మీదనే పడును. ఎముకకును బల్లకును నడుమ నలిగిన కండకు రక్తము అందదు. వెంటనే అచ్చట నొప్పి కలుగును. తెలిసియో తెలియకయో మనము ప్రక్కకు ఒరుగుదుము. రక్తము తిరిగి ప్రవహించును. స్పర్శ పోయినవానికి ఆ నొప్పి తెలియదు. కావున అతడు కదలడు. కండ లోలోపల చచ్చును. పైన చర్మము మీద రూపాయి బిళ్ళంత మచ్చ కనబడునప్పటికి లోపల గుంత పడియుండవచ్చును.

ఈ పుండ్ల వలనను, మూత్రకోశపు వ్యాధుల వలనను పూర్వము వెన్ను విరిగినవారిలో పెక్కుమంది కొలది కాలములోనే మరణించుచుండిరి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు ఇట్టి రోగులను పగలనక రాత్రియనక రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పించు నియమము పెట్టెను. బ్రతుకరనుకొన్నవారు బ్రతికిరి. 1948లో వారిచేత విల్లంబుల పోటీ ఆడించెను. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే మూలము. అందు మహత్తరమైన ఔషధమేదియు లేదు. సమయమునకు తాకి చూచుటయు, త్రిప్పుటయు మాత్రమే యున్నవి.

చక్రాల కుర్చీలో ఉన్నవాడైనచో, ప్రతి పదునైదు నిమిషముల నుండి అరగంటకొకమారు చేతులూని పైకి లేచుటయో, ముందుకును ప్రక్కకును వంగి ఆ యెముకల మీది బరువు తప్పించుటయో చేయవలెను. అది చాలుచున్నదా లేదా అని అప్పుడప్పుడు ఎవరైనను పరీక్షించుచుండవలెను. కుర్చీ కొలతలు సరిపోవుచున్నవా, క్రింది మెత్త అణగిపోయినదా, కీళ్ళు బిగిసికొనుచున్నవా, చక్రము త్రిప్పి త్రిప్పి భుజము నొచ్చుచున్నదా, మూత్రము సరిగా వెడలుచున్నదా అను ఈ పరీక్ష ఒక్కనాటితో తీరునది కాదు, జీవితకాలము జరుగవలసినది. ఇంతటి పరీక్షకై ఏటేటా పలుమార్లు ఆ దవాఖానా దారి పట్టుమన్నచో ఎవడు పట్టగలడు? కావుననే దూరపరీక్ష ఎల్లవారికంటెను ఇతనికే ఎక్కువ అవసరము.

తెర మీద కనబడునది

దూరమునుండి వైద్యుడు తెలిసికొనగలిగినది స్వల్పము కాదు. రోగి చెప్పు చరిత్ర వినవచ్చును. అతడు మంచము మీదినుండి కుర్చీలోనికి ఎట్లు మారుచున్నాడో చూడవచ్చును. కూర్చున్నప్పుడు నడుము ఒకవైపునకు వాలుచున్నదా, పాదములు ఆధారము మీద ఆనుచున్నవా, మోకాళ్ళు మరీ పైకి లేచినవా అని పరికింపవచ్చును. మానుచున్న పుండును వారమువారము ఫొటోలలో పోల్చి చూడవచ్చును.

ఒక విషయమున దూరపరీక్ష ఆసుపత్రి పరీక్షకంటె మేలైనది. ఆసుపత్రిలో వైద్యునికి రోగి కనబడును గాని అతని యిల్లు కనబడదు. ఫోను చేతబట్టి ఇంటిలో ఒక చుట్టు తిరిగినచో ఇంటి గడప ఎంత ఎత్తున్నదో కనబడును. నులక మంచము కుర్చీకంటె ఎంత పల్లముగ నున్నదో కనబడును. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టనంత ఇరుకుగా నున్నదని కనబడును. పెద్ద ఆసుపత్రిలో చక్కగా తిరిగిన కుర్చీ, ఇంటికి వచ్చిన తరువాత వసారాలో మూలబడియుండుటకు కారణము అప్పుడు గదా తెలియుట! గడపకు ఇరువైపుల చిన్న వాలు కట్టించుమనియు, మంచము కోళ్ళ క్రింద దిమ్మెలు పెట్టుమనియు ఆ వైద్యుడు చెప్పగలడు. అట్టి సలహా కొన్నిమార్లు మందు చీటికంటె విలువైనది.

తెర మీద కనబడనిది

మన యూళ్ళలో గాజులమ్మువాడు వచ్చినప్పుడు చూచితిరా? పిల్ల చేతిని చూచినంత మాత్రమున అతడు గాజు తీయడు. ముందు ఆ చేతిని తన చేతిలోనికి తీసికొని ఒత్తి చూచును. ఎముక ఎంత, కండ ఎంత, ఎంత నొక్కిన ఎంత లొంగును అని అతని చేతికి తెలియును. అటుపిమ్మటనే గాజు ఎక్కించును. ఇరువది రూపాయల గాజునకు ఇంత పరీక్ష యుండగా, దినమునకు పది గంటలు కూర్చుండు కుర్చీకి చేతి పరీక్ష అక్కరలేదా?

వైద్యుని చూపు ఎచ్చట ఆగిపోవునో చెప్పెదను. పుండు పుట్టబోవు చోట మొదట చర్మము ఎఱ్ఱబడునని పుస్తకములు చెప్పును. వ్రేలితో నొక్కి తీసినప్పుడు ఆ యెఱుపు పోయి మరల వచ్చినచో ముప్పు ఇంకను ముదరలేదు. నొక్కినను పోని యెఱుపు అపాయసూచన. కాని ఇది తెల్లని చర్మము గలవారికి వ్రాసిన మాట. మనవంటి చామనచాయ, నలుపు చర్మముల మీద ఎఱుపు స్పష్టముగ కనబడదు; ఫోను తెరమీద అసలే కనబడదు. అప్పుడు చుట్టుప్రక్కల చర్మముతో పోల్చి, ఆ చోటు వెచ్చగా నున్నదా, గట్టిపడినదా, లేక మెత్తబడి చివికినట్లున్నదా అని చేతితోనే తెలిసికొనవలెను. కాలి కండ ఎంత బిగిసినది, మోకాలు ఎంతవరకు సాగును, పుండు వాసన వేయుచున్నదా అనునవియు తెరకు అందవు.

మెత్త సంగతియు ఇట్టిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కుర్చీ సేవకులకు నేర్పు ఒక సులభమైన పరీక్ష కలదు. కూర్చున్నవాని అనుమతి గైకొని, అరచేయి పైకి తిప్పి, పిరుదు ఎముక క్రిందికి, మెత్తకు పైన, వ్రేళ్ళను జొనుపవలెను. వ్రేళ్ళ కొనలు పైకి క్రిందికి కొంచెమైనను కదలినచో ఆ మెత్త క్షేమకరము. కదలక, తేలికగా బయటికి మాత్రము వచ్చినచో అది హెచ్చరిక. వ్రేళ్ళు నలిగి, లాగినను కష్టము మీద వచ్చినచో మెత్త పనికిరాదు, వెంటనే మార్పవలెను. ఈ పరీక్షకు యంత్రమక్కరలేదు, కరెంటక్కరలేదు. హైదరాబాదులోని నిపుణునికి మాత్రము అది అసాధ్యము. నేర్చిన పొరుగువానికి అర నిమిషపు పని.

దూరపరీక్షకు ఆగరాని సందర్భములును కలవు. పుండుతో జ్వరము వచ్చినచో ఫోనుతో పొద్దుపుచ్చరాదు. వెన్నుపాము ఛాతీ నడిమిభాగమున గాని, అంతకు పైన గాని దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తల పగులునట్టి నొప్పియు, ముఖమున చెమటలును పట్టి రక్తపుపోటు విపరీతముగ పెరుగుట కలదు. మూత్రపు గొట్టము మెలిపడుటయో, మూత్రకోశము నిండిపోవుటయో సాధారణముగ దానికి కారణము. తక్షణము అతనిని నిటారుగా కూర్చుండబెట్టి, బిగుతైన బట్టలు వదులు చేసి, గొట్టమును సవరించి, 108కి చెప్పవలెను. ఇది ప్రక్కనున్నవాడు చేయవలసిన పని.

శాతము వేరు, కొలత వేరు

పరీక్ష యన్న మాటకు మన పల్లెలలో మరియొక యర్థము స్థిరపడినది. అది 'సదరం' శిబిరము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలమున ఏర్పడిన ఈ పద్ధతిలో వైద్యులు వైకల్యము నూటికి ఎంతో నిర్ణయించి ధ్రువపత్ర మిచ్చుట ఆచారమయ్యెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, రిజర్వేషన్ల వంటి ముఖ్యమైన సదుపాయములకు 40 శాతమును గీటుగా పెట్టినది. పింఛనునకు, రాయితీలకు ఈ లెక్క కావలసినదే. కాని శాతము పోయినదెంతయో చెప్పును, కావలసినదేమో చెప్పదు. 80 శాతమని వ్రాసిన కాగితమును బట్టి కుర్చీ వెడల్పెంత యుండవలెనో ఏ బ్రహ్మయు చెప్పలేడు.

కేంద్రప్రభుత్వపు 'అడిప్' పథకము 1981 నుండి నడచుచున్నది. 1972లో కాన్పూరున నెలకొల్పిన అలింకో సంస్థ తయారుచేయు కుర్చీలు శిబిరముల ద్వారా పేదలకు అందుచున్నవి. ఇది గొప్ప మేలు. అయితే కుర్చీ చేతికిచ్చి ఫొటో తీయించుకొనుటతో పని ముగిసెననుకొనుట పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన మార్గదర్శకములలో కుర్చీ సేవకు ఎనిమిది మెట్లు చెప్పబడినవి. మనిషిని పరీక్షించుట, తగిన కుర్చీని నిర్ణయించుట, శరీరమునకు అమర్చి చూచుట, వాడుక నేర్పుట, తరువాత మరమ్మతు చేయుచు కనిపెట్టియుండుట అందు ముఖ్యమైనవి. కుర్చీ మరీ వెడల్పైనచో మనిషి ఒకవైపు వాలి వెన్ను వంకర పోవును; చేతులు చక్రములకు అందవు. మరీ ఇరుకైనచో తొడలు ఒరసికొని పుండు పడును. పాదాధారము మరీ పైకున్నచో తొడలు లేచి, బరువంతయు పిరుదు ఎముకల మీద పడును.

కొలత తీయుట కష్టమైన విద్య కాదు. గట్టి పీట మీద నిటారుగా కూర్చుండబెట్టి, తుంటికి ఇరువైపుల రెండు పెద్ద పుస్తకములు నిలిపి, ఆ రెండింటి నడిమి దూరము కొలిచినచో అది సీటు వెడల్పు. పిరుదు వెనుకభాగము నుండి మోకాటి మడత వరకు కొలిచి, అందులో రెండు మూడు వ్రేళ్ళ వెడల్పు తగ్గించినచో అది సీటు లోతు. మోకాటి మడత నుండి మడమ వరకు కొలిచిన కొలతను బట్టి, మెత్త మందమును లెక్కలోనికి తీసికొని, పాదాధారము నిర్ణయింపవచ్చును. దర్జీ టేపు చాలును. దూరమున నిపుణుడు తెర మీద చూచుచు, "టేపు కొంచెం కిందికి దించండి" అని సవరించుచుండగా ఇచ్చట ఒకరు కొలువవచ్చును. చూపు అతనిది, చేయి ఇతనిది.

ఆ చేయి ఎవరిది?

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తెలుగువారు తరతరములుగ పోవుచున్నారు. అచ్చట మేరీ వర్గీస్ అను కేరళ వైద్యురాలుండెను. 1954లో కారు ప్రమాదమున ఆమె వెన్ను విరిగి కాళ్ళు చచ్చుపడెను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత విదేశములలో పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి వేలూరున ఆ శాఖకు అధిపతియయ్యెను. 1966లో అచ్చట పునరావాస సంస్థ తెరువబడెను. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 1986లో ఆమె కీర్తిశేషురాలయ్యెను. కుర్చీలో కూర్చున్న మనిషి ఎప్పుడును పరీక్షకు లోబడు శరీరము మాత్రమే కాదనియు, పరీక్ష చేయగల బుద్ధియు చేయియు అతనికిని కలవనియు చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

కావున మొదటి చేయి ఆ మనిషిదే కావలెను. చేతి అద్దముతో రాత్రిపూట తన చర్మమును తానే పరికించుకొనుట అతడు నేర్వవలెను. దూరవైద్యుడు మాటలాడవలసినదియు అతనితోనే. కాని మన యలవాటు చూడుడు. రోగి యెదుటనే కూర్చుండగా, తోడు వచ్చిన అన్నను, "మీవాడు సరిగా తింటున్నాడా? జ్వరమేమైనా వచ్చిందా?" అని యడుగుదురు. కాళ్ళు చచ్చుపడినవానికి నోరును పడిపోయినట్లు మనము భావింతుము. తెర మీద ఈ దోషము మరింత పెరుగును. ఫోను పట్టుకొన్నవాడే రోగి యైనట్లు సంభాషణ సాగును.

మర్యాద సంగతియు మరువరాదు. ఈ పరీక్షలో చూపవలసినవి శరీరపు గుప్తభాగములు. ఫోను ఎవరు పట్టుకొనిరి, అవతల గదిలో ఎవరున్నారు, ఆ ఫొటో తరువాత ఏమగును అని అడుగు హక్కు అతనికి కలదు. రోగి తానే వైద్యుని పిలిచినప్పుడు సమ్మతి ఉన్నట్లే భావింపవచ్చుననియు, ఆరోగ్య కార్యకర్తయో ఇతరులో పిలిచినప్పుడు అతని స్పష్టమైన సమ్మతి పొందవలెననియు 2020 నాటి నియమావళి చెప్పుచున్నది. స్త్రీయైనచో ప్రక్కన మరియొక స్త్రీ యుండుట కనీస ధర్మము.

రెండవ చేయి ఆశా కార్యకర్తది, పల్లె దవాఖానాలోని ఆరోగ్యాధికారిది. వారు ఇప్పటికే ఊరూర నున్నారు. గర్భిణులను, పసివారిని చూచుచున్నారు. మెత్త క్రింద చేయి పెట్టి చూచు పరీక్షయు, చర్మపు వెచ్చదనము పోల్చు పరీక్షయు వారికి నేర్పుటకు ఏండ్లు పట్టవు.

మూడవ చేయి పాఠశాలది. మండలములలో ప్రత్యేకావసరములు గల పిల్లలకై భవిత కేంద్రములు కలవు. వాటిలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పనిచేయుచున్నారు. కుర్చీలోని పిల్లవాడు పెరుగును. అతని కుర్చీ పెరుగదు. నిరుడు సరిపోయిన సీటు నేడు ఇరుకగును. ఈ సంగతిని ఆసుపత్రికంటె ముందు గమనింపగలవాడు దినదినము చూచు ఉపాధ్యాయుడే. ఏటికి రెండుమార్లు పిల్లల ఎత్తు, బరువు వ్రాసికొను పట్టికలోనే ఈ కొలతలను చేర్చి వ్రాయవచ్చును.

విద్యార్థులకు ఒక పని చెప్పెదను. గణితపు గంటలో మీ పాఠశాల తలుపును కొలిచి చూడుడు. మూడడుగుల వెడల్పు లేనిచో కుర్చీ సుఖముగ పోదు. గుమ్మము ముందటి వాలును కొలువుడు. అడుగెత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెను. అంతకంటె నిట్రముగ నున్నచో ఒంటరిగా ఎక్కలేడు. కొలిచినది కాగితము మీద వ్రాసి ప్రధానోపాధ్యాయునికి ఇండు. మీ తరగతి మిత్రుడు కుర్చీలో ఉన్నచో, అరగంట కొకమారు అతడు పైకి లేచునప్పుడు నవ్వకుడు. అది అతడు తన ప్రాణమును కాపాడుకొను వ్యాయామము.

రేపో మాపో నేలకొండపల్లికి అవతల ఏదో ఒక ఇంటిలో, ఏదో ఒక ఫోను తెర మీద, పట్టణమునుండి ఒక వైద్యురాలు, "ఎముక కింద చెయ్యి పెట్టి చూసి చెప్పండి" అని అడుగును. అప్పుడు ఆ గదిలో ఉన్నవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనరాదు. చేయి ఎచ్చట పెట్టవలెనో, తాకినది ఏమో తెలిసినవారు ఒక్కరైనను ఆ యూరిలో ఉండవలెను. ఆ ఒక్కరిని తయారుచేయుట బడికిని దవాఖానాకును కష్టమైన పని కాదు.